పాత ఇంగ్లీషు తిట్లన్నిటికీ "గయ్యాళి" ఒక్కటే దిక్కా?

సబ్‌టైటిల్_సుబ్బులు
నేను ఇంట్లో కూర్చుని సబ్‌టైటిల్స్ రాస్తుంటాను, ఇంగ్లీషు నుంచి తెలుగుకి. ఇప్పుడో బ్రిటిష్ సీరియల్ వచ్చింది, పద్దెనిమిదో శతాబ్దం కథ, విగ్గులు, గుర్రబ్బళ్ళు, కొవ్వొత్తులు అన్నీ ఉన్నాయి. అందులో ఓ ముసలి జమీందారు, ఎపిసోడుకి పదిసార్లు ఇంట్లో ఆడవాళ్ళని తిడతాడు, పైగా తిట్టిన తిట్టు మళ్ళీ తిట్టడు మహానుభావుడు. మొదట మెషీన్ ట్రాన్స్‌లేషన్ ఇచ్చి దిద్దమన్నారు. పనిపిల్లని ఆయన బ్యాగేజ్ అంటే అది "ఓసి సిగ్గులేని సామానూ" అని రాసింది. పెద్దకోడల్ని ష్రూ అంటే "చుంచెలుకా" అంది. సరే అని అంతా కొట్టేసి నేనే మొదట్నుంచీ రాశా. ష్రూ, స్కోల్డ్, హారిడన్, విరాగో, టర్మగంట్ ఐదింటికీ "గయ్యాళి". హస్సీ, బ్యాగేజ్, వెంచ్, స్లట్ నాలుగింటికీ "సిగ్గులేనిదానా". నిన్న ఫైలు వెనక్కొచ్చింది, ఎర్రరంగు కామెంట్లు నలభై ఒకటి, అన్నిట్లో ఒకటే మాట, "రిపీట్, మార్చండి". శుక్రవారం లోపు ఇవ్వాలి. డిక్షనరీలో చూస్తే అన్నీ కోపిష్టి ఆడదే. అసలు వీటి మధ్య తేడాలున్నాయా, ఆ ఇంగ్లీషోళ్ళకైనా తెలుసా?

కాకినాడ_కాజా
ఆ మెషీన్‌కి దండం పెట్టాలి. మా కాలేజీ గేటు దగ్గర నిలబడే వెధవలు అచ్చం అదే మాట అనేవాళ్ళు, "సామాను" అని. ఎక్కడ నేర్చుకుందో ఏంటో

సబ్‌టైటిల్_సుబ్బులు
అందుకే కదండీ భయపడి తీసేసింది

మౌనంగా_చదివేవాణ్ణి
ఓల్డ్ మెయిడ్ అని వస్తే ఏం రాసింది?

సబ్‌టైటిల్_సుబ్బులు
"పాత పనిమనిషి". ఆవిడ ఆ జమీందారు సొంత చెల్లెలు, పెళ్ళి కాలేదంతే.

రిటైర్డ్_ఇంగ్లీష్_మాస్టారు
నవ్వులాటకేం గానీ తేడాలు బోలెడున్నాయి. ముప్పై రెండేళ్ళు డిగ్రీ పిల్లలకి షేక్‌స్పియర్ చెప్పాను, ప్రతి ఏడాదీ ఒకడు లేచి ష్రూ అంటే ఏంటి సార్ అనేవాడు, నేను గయ్యాళి అనేవాణ్ణి, వాడు కూర్చునేవాడు, అక్కడితో సరి. కాబట్టి పాపం మీ ఒక్కరిదే కాదు.

మీ మెషీన్ రాసిన చుంచే అసలు అర్థం. ఇంగ్లండు పల్లెల్లో చుంచంటే హడలు, పశువు వీపు మీద పాకితే దానికి కాళ్ళు పడిపోతాయని నమ్మకం. దీనికి విరుగుడేంటంటే యాష్ చెట్టుకి బెజ్జం తొలిచి, బతికున్న చుంచుని అందులో కుక్కి బిరడా కొట్టేస్తారు, ఇక ఆ చెట్టు కొమ్మతో పశువుని నిమిరితే తగ్గిపోతుందట. గిల్బర్ట్ వైట్ అనే పాదిరీ 1789లో వేసిన సెల్‌బర్న్ పుస్తకంలో వాళ్ళ ఊళ్ళో అలాంటి చెట్టు ఒకటి ఉండేదని రాశాడు. అంటే ష్రూ అంటే విషప్పురుగు లాంటి మనిషి అని, ముందు మగాళ్ళనే అనేవాళ్ళు. ఆడవాళ్ళకి అంటించింది తర్వాత. ష్రూడ్ అన్న మాటా ఈ చుంచు పొట్టలోంచి వచ్చిందే, అప్పట్లో దుర్మార్గుడని అర్థం, ఇప్పుడు ష్రూడ్ బిజినెస్‌మేన్ అంటే మెచ్చుకోలు.

టర్మగంట్ ఇంకా తమాషా. మధ్యయుగంలో యూరప్ క్రైస్తవులు ముస్లింలకి టర్మగంట్ అని ఒక దేవుడున్నాడని కల్పించుకున్నారు. లేనే లేడు. నాటకాల్లో ఆ వేషం వేసినవాడు స్టేజీ అదిరేలా అరవాలి, మన సురభి వాళ్ళ హిరణ్యకశిపుడిలాగ అనుకోండి. హ్యామ్లెట్ నటులకి పాఠం చెప్తూ టర్మగంట్‌ని మించి అరిచేవాణ్ణి కొరడాతో కొట్టించాలంటాడు. ఆ మగ దేవుడే పోయి పోయి చివరికి నోరున్న ఆడది అయ్యాడు.

ఓరుగల్లు_పోరడు
మా దిక్కు "చుంచు మొహందానా" అని ఇప్పటికీ తిడతరు సార్. మెషీన్ కరెక్టే కొట్టింది, గరీబు మెషీన్‌ని ఊకె బద్నాం చేసిన్రు

సబ్‌టైటిల్_సుబ్బులు
మాస్టారూ ఇది బంగారం. హారిడన్, విరాగో కూడా చెప్పేయండి

రిటైర్డ్_ఇంగ్లీష్_మాస్టారు
హారిడన్ ఫ్రెంచి "హారిడెల్" నుంచి వచ్చిందంటారు, బక్కచిక్కిన ముసలి గుర్రం. కాబట్టి ఇందులో నోటి కంటే వయసు ముఖ్యం, ఒళ్ళు ఉడిగినా పెత్తనం ఉడగని మనిషి. క్రోన్ అయితే మరీ ఘోరం, కుళ్ళిన కళేబరం అనే పాత ఫ్రెంచి మాట. హ్యాగ్ అంటే మంత్రగత్తె. ఇక విరాగో తిట్టే కాదు ఒకప్పుడు. లాటిన్‌లో విర్ అంటే పురుషుడు, విరాగో అంటే మగటిమి ఉన్న స్త్రీ, వీరనారి. లాటిన్ బైబిల్లో ఆదాము హవ్వకి పెట్టిన మొదటి పేరు అదే.

నర్సాపురం_నక్షత్రం
ఆదికాండం 2:23 కదండీ. మన తెలుగు బైబిల్లో "నరునిలోనుండి తీయబడెను గనుక నారి" అని ఉంటుంది. నరుడు, నారి. విర్, విరాగో. ఇన్నేళ్ళ సండే స్కూల్లో ఎవరూ చెప్పలేదు ఇది!!

రిటైర్డ్_ఇంగ్లీష్_మాస్టారు
సరిగ్గా పట్టుకున్నావమ్మా.

లెస్టర్_లలితక్క
విరాగో పేరుతో 1973 నుంచి లండన్‌లో పబ్లిషింగ్ కంపెనీ ఉంది, ఆడవాళ్ళు రాసిన పుస్తకాలు వేయడానికే పెట్టారు. పాత నవలలు ఎన్ని బయటికి తీశారో. నా దగ్గర ఆకుపచ్చ వెన్ను పుస్తకాలు ఓ షెల్ఫుడు ఉన్నాయి, మా ఆయన దాన్ని "గయ్యాళ్ళ అర" అంటాడు, తెలిసే అంటాడు.

నేను చెప్పాలనుకున్నది స్పిన్‌స్టర్ గురించి. మాది 2003లో ఇక్కడే రిజిస్టర్ పెళ్ళి, నాకప్పుడు ఇరవై నాలుగు. సర్టిఫికెట్‌లో ఆయన పేరు పక్కన బ్యాచిలర్, నా పేరు పక్కన స్పిన్‌స్టర్. ఆ మాట చదివి నేను నవ్వుకున్నా గానీ, మా అత్తగారు ఇండియాలో ఎవరి చేతో చదివించుకుని "పెళ్ళి కాకుండా ముదిరిపోయింది అని రాశారేంట్రా, వయసు దాచారా" అని ఫోన్‌లో మావాడిని నిలదీసింది. ఆవిడకి అర్థం చెప్పడానికి రెండు ఇంటర్నేషనల్ కాలింగ్ కార్డులు అయిపోయాయి. 2005 డిసెంబర్ నుంచి ఇక్కడ రెండూ తీసేసి ఇద్దరికీ సింగిల్ అని రాస్తున్నారు. నాదే ఆఖరి బ్యాచ్ అన్నమాట.

అసలు స్పిన్‌స్టర్ అంటే నూలు వడికేది, అంతే. రాట్నం తిప్పుకుని తన తిండి తను సంపాదించుకునే మనిషి. అది వృత్తి పేరు, తర్వాత కోర్టు కాగితాల్లో పెళ్ళికానిదని అయ్యింది, ఆ తర్వాతే ఎగతాళి.

నర్సాపురం_నక్షత్రం
లలితక్కా, మన దేశంలో ఇంకా పోలేదు ఆ మాట. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టంలో నమూనా ఫారం ఉంటుంది, అందులో పెళ్ళికూతురి గడిలో స్పిన్‌స్టర్ అనే ఉంది. మా అక్క పెళ్ళి ప్రకటన ఇంగ్లీషు ఆరాధనలో మూడు ఆదివారాలు చదివారు, "స్పిన్‌స్టర్ ఆఫ్ దిస్ పారిష్" అని. మూడో వారం అక్క రానంది చర్చికి.

మౌనంగా_చదివేవాణ్ణి
ఆ జమీందారు చెల్లెల్ని ఇంకేమన్నా అంటాడా

సబ్‌టైటిల్_సుబ్బులు
ఏప్ లీడర్ అంటాడు ఒక చోట. అది కోతులాట అనుకుని వదిలేశా.

రిటైర్డ్_ఇంగ్లీష్_మాస్టారు
అయ్యయ్యో వదలకండి, అది అసలు సిసలు ఆ కాలం తిట్టు. పెళ్ళి చేసుకోకుండా, పిల్లల్ని కనకుండా చచ్చిపోయిన ఆడది నరకంలో కోతుల్ని తోలుకుంటూ తిరగాలని సామెత. ఫ్రాన్సిస్ గ్రోస్ అనే ఆయన 1785లో బజారు మాటల నిఘంటువు వేశాడు, అందులో ఏప్ లీడర్ అని విడిగా మాటే ఉంది. షేక్‌స్పియర్ నాటకంలో బియాట్రిస్ ఈ సామెత మీదే జోకులేస్తుంది.

ఓరుగల్లు_పోరడు
నరకంల కోతుల డ్యూటీ. బాసు లేడు, అత్త లేదు, మంచిగనే ఉన్నది గదా ఉద్యోగం

చట్టం_చలమయ్య
స్కోల్డ్ గురించి ఎవరూ మాట్లాడ్డం లేదేంటి. మిగతావన్నీ తిట్లు. స్కోల్డ్ మాత్రం నేరం, నిజంగా సెక్షన్ లాంటిది. ఇంగ్లండు కామన్ లాలో "కామన్ స్కోల్డ్" అని, ఇరుగుపొరుగుతో ఎప్పుడూ గొడవపడి శాంతిభద్రతలకి భంగం కలిగించే మనిషి. బ్లాక్‌స్టోన్ అనే న్యాయపండితుడు 1769లో వచ్చిన తన లా పుస్తకం నాలుగో సంపుటంలో రాశాడు, లాటిన్‌లో దీన్ని కమ్యూనిస్ రిక్సాట్రిక్స్ అంటారు, మా లా లాటిన్ దీన్ని స్త్రీలింగానికే పరిమితం చేసింది అని. అంటే మగాడు ఎంత అరిచినా ఈ నేరం కిందకి రాడు, వ్యాకరణం ఒప్పుకోదు. శిక్ష ఏంటంటే ఓ కుర్చీకి కట్టి చెరువులో ముంచడం. లా పుస్తకాల్లోంచి ఇది ఎప్పుడు పోయిందో తెలుసా, 1967. మనిషి చంద్రుడి మీద దిగడానికి రెండేళ్ళ ముందు.

బెజవాడ_ఎండ
1967?? అబద్ధం

చట్టం_చలమయ్య
క్రిమినల్ లా యాక్ట్ 1967, చూసుకో బాబూ. వాడకంలో ఎప్పుడో పోయింది, పుస్తకంలో మాత్రం అప్పటిదాకా ఉంది. అమెరికా న్యూజెర్సీలో అయితే 1972లో కోర్టు కొట్టేసింది.

లెస్టర్_లలితక్క
ఆ కుర్చీ నేను చూశా. హియర్‌ఫర్డ్ వైపు లెమ్‌స్టర్ అని ఊరుంది (స్పెల్లింగ్ లియోమిన్‌స్టర్, మా లెస్టర్ లాగే, ఈ దేశంలో సగం అక్షరాలు ఊరికే నిలబెడతారు), అక్కడి పాత చర్చిలో పెట్టారు. నేను ఏదో స్టూలు అనుకుని వెళ్ళా. చక్రాల బండి అది, తేరులాగ, మధ్యలో పొడుగాటి దూలం, ఏతం గుర్తుందా, అచ్చం ఏతమే, ఓ చివర కుర్చీ. ఇటు తొక్కితే అటు మునుగుతుంది. మా చిన్నది దాని చుట్టూ తిరుగుతూ "అమ్మా ఇది పార్కులోదా" అంది, నాకు నోట మాట రాలేదు. 1809లో జెన్నీ పైప్స్ అనే ఆవిణ్ణి దాంట్లో ఊరంతా తిప్పి నదిలో ముంచారు. పైకి తీయగానే ఆవిడ మేజిస్ట్రేట్లని తిట్టడం మొదలుపెట్టిందట. 1817లో సారా లీక్ అని ఇంకొకావిణ్ణి తీసుకెళ్తే నీళ్ళు సరిపడా లేవు, ఊరికే ఊరేగించి వదిలేశారు.

కాకినాడ_కాజా
తడి బట్టలతో మేజిస్ట్రేట్‌ని తిట్టిన జెన్నీకి జేజేలు

అట్లాంటా_అప్పడం
అమెరికాలోనూ జరిగింది. ఆన్ రాయల్ అని రచయిత్రి, దేశమంతా తిరిగి పుస్తకాలు రాసింది, పాదిరీలని ఏకిపారేసింది, 1829లో వాషింగ్టన్ కోర్టులో ఆవిడ మీద కామన్ స్కోల్డ్ కేసు పెట్టారు. అప్పటికి ఆవిడకి అరవై ఏళ్ళు. నేవీ యార్డులో ముంచే కుర్చీ కూడా తయారుచేయించారు, చివరికి కోర్టు మనసు మార్చుకుని పది డాలర్ల జరిమానాతో సరిపెట్టింది. ఆ డబ్బు ఇద్దరు పత్రికల వాళ్ళు కట్టారు. రెండేళ్ళకి ఆవిడే సొంతంగా పేపరు పెట్టుకుని వాషింగ్టన్‌లో పెద్దోళ్ళ లంచాల బాగోతం రాయడం మొదలుపెట్టింది.

రిటైర్డ్_ఇంగ్లీష్_మాస్టారు
స్కోల్డ్ అన్న మాట పుట్టుక వింటే చలమయ్య గారు కుర్చీలోంచి లేస్తారు. పాత నార్స్ భాషలో స్కాల్డ్ అంటే కవి. నిందా పద్యాలు చెప్పడంలో దిట్టలు వాళ్ళు, అక్కడి నుంచే వచ్చిందని ఎక్కువమంది పండితుల మాట. మనకి తిట్టుకవిత్వం ఉంది కదా, వేములవాడ భీమకవి తిడితే తగిలి తీరుతుందని భయపడి పళ్ళెం నిండా పెట్టి పంపేవాళ్ళట.

సబ్‌టైటిల్_సుబ్బులు
భీమకవికి భోజనం, జెన్నీకి నది. రాసుకుంటున్నా.

లెస్టర్_లలితక్క
కళ్ళెం సంగతి చెప్పడం మర్చిపోయా. స్కోల్డ్స్ బ్రిడిల్ అని ఇనప చట్రం, తలకి తొడిగి తాళం వేసేవాళ్ళు, ముందు వైపు చిన్న ఇనప నాలుక ఉంటుంది, అది నోట్లోకి వెళ్ళి మన నాలుకని కిందకి నొక్కుతుంది. కొన్నిటికి ముళ్ళుంటాయి. వాల్టన్ అనే ఊళ్ళో చర్చిలో 1633 నాటిది ఉండేది, దాని మీద పద్యం కూడా చెక్కారు, చెస్టర్ అనేవాడు వాల్టన్‌కి కళ్ళెం కానుకిచ్చాడు, ఊరికే వాగే ఆడ నాలుకల్ని అదుపు చేయడానికి అని. కానుకట, పద్యమట.

బెజవాడ_ఎండ
నేను కాస్త అడ్డం మాట్లాడతా, తిట్టుకోకండి. మగాళ్ళకి లేవా ఏంటి? విలన్ అంటే ఒకప్పుడు జమీందారు పొలంలో పడుండే రైతుకూలీ. నేవ్ అంటే మామూలు కుర్రాడు. బూర్ అంటే రైతు. ఇవన్నీ తిట్లయ్యాయి కదా. పేదోణ్ణి అంటే ఏదైనా తిట్టే అవుతుంది, ఆడా మగా లేదు ఇందులో. ప్రతి దాన్నీ ఆడవాళ్ళ కష్టం చేయకండి.

అట్లాంటా_అప్పడం
విలన్ సంగతి ఒప్పుకుంటా బ్రో. కానీ రాణీగారి స్థాయి మాటలు కూడా ఎందుకు పడిపోయాయి? సర్ అలాగే ఉన్నాడు, మేడం సానికొంప ఓనరమ్మ అయ్యింది. మాస్టర్ పంతులు, మిస్ట్రెస్ ఉంచుకున్నది. బ్యాచిలర్ అంటే పార్టీ, స్పిన్‌స్టర్ అంటే లలితక్క అత్తగారి ఫోన్ కాలు.

లెస్టర్_లలితక్క
😂😂 ఆవిడకి చదివి వినిపిస్తా

బెజవాడ_ఎండ
అది పాయింటే. కానీ నేనన్నదీ పూర్తిగా తప్పు కాదు, వెంచ్, హస్సీ అన్నీ పనిపిల్లల్నే అనేవాళ్ళు, దొరసానుల్ని కాదు

రిటైర్డ్_ఇంగ్లీష్_మాస్టారు
ఎండ బాబు అన్నదాంట్లో బరువుంది, సుబ్బులు గారికి పనికొచ్చేదీ అదే, ఎవరు ఎవర్ని అంటున్నారో చూసుకోవాలి. వెంచ్ అంటే మొదట పిల్ల, ఆడైనా మగైనా. ఆమాటకొస్తే గర్ల్ కూడా చాసర్ (షేక్‌స్పియర్ కంటే పాత కవి) రోజుల్లో మగపిల్లాడికీ వాడేవాళ్ళు. హార్లట్ అంటే వేశ్య అనుకుంటాం, మొదట్లో దిమ్మరి మగాడు, చాసర్ ఒక తిరుగుబోతు కోర్టు ఉద్యోగిని "మంచి హార్లట్, దయగలవాడు" అని మెచ్చుకుంటాడు.

హస్సీ అయితే హౌస్‌వైఫే! హుస్‌విఫ్ అని పాత మాట, నోట్లో నలిగి నలిగి హస్సీ అయ్యింది. ఇల్లాలు అరిగిపోయి బరితెగించినది అయ్యింది.

అనంతపురం_అల్లుడు
ఓహో ఇదా సంగతి. మా తాత రెండో యుద్ధంలో బర్మా పక్క పోయొచ్చినోడు. ఆయన ట్రంకు పెట్టెలో ఖాకీ గుడ్డ చుట్ట ఒకటి ఉండేది, విప్పితే సూదులు, గుండీలు, బూడిద రంగు ఊలు దారం. చిన్నప్పుడు అడిగితే "ఇది నా హజిఫ్‌రా" అనేవాడు. మా అవ్వ వినినప్పుడంతా "నేనుండగా ఇంకొకతా" అని ఎగతాళి చేస్తాండె. నేనది ఏదో ఉర్దూ మాట అనుకుంటి ఇన్నాళ్ళూ. హౌస్‌వైఫ్‌నా?

లెస్టర్_లలితక్క
అదే అది. ఇక్కడ సైన్యంలో కుట్టుసామాను సంచిని హౌస్‌వైఫ్ అంటారు, పలకడం హజిఫ్. మీ తాతగారి ట్రంకులో పాత ఉచ్చారణ భద్రంగా ఉండిపోయింది!

అనంతపురం_అల్లుడు
అవ్వ అన్నది కరెక్టే అయిపాయె అయితే

కాకినాడ_కాజా
ఫిష్‌వైఫ్ ఉందా మీ సీరియల్లో?

సబ్‌టైటిల్_సుబ్బులు
ఉంది. "చేపలమ్మి" అని రాశా, తిట్టులా లేదన్నారు.

కాకినాడ_కాజా
మా మేనత్త రేవులో చేపలమ్మేది, ఇరవై ఏళ్ళు. తెల్లారగట్ల మూడింటికి వేలం పాట దగ్గర నిలబడి అంతమంది మగాళ్ళ గోలలో తన ధర వినబడాలంటే గొంతు ఆ మాత్రం ఉండాల్సిందే, ఐసు కరిగిపోతుంటే నెమ్మదిగా దయచేసి అంటూ కూర్చుంటే అమ్ముడవదు. గుడికెళ్ళినా అదే గొంతు, ఇంక తగ్గదు. ఎవరో బేరం కుదరక గంపగయ్యాళి అన్నారు ఒకసారి. "గంప నాది, గయ్యాళివి నువ్వు" అంది. ఆ దెబ్బకి కిలో వంజరం కొనేసి పోయింది ఆ మనిషి.

రిటైర్డ్_ఇంగ్లీష్_మాస్టారు
లండన్‌లో బిల్లింగ్స్‌గేట్ అని చేపల బజారు, ఆ బజారు పేరే ఇంగ్లీషులో బూతుభాషకి మాటైపోయింది. మనం "చేపల బజారు చేశారు" అన్నట్టే. గ్రోస్ నిఘంటువులో బిచ్ అన్న మాట దగ్గర రాశాడు, ఇంగ్లీషు ఆడదాన్ని అనగలిగిన అన్నిటికంటే పెద్ద తిట్టు ఇదే, వేశ్య అనేదాని కంటే మంటెక్కిస్తుంది, ఎందుకంటే బిల్లింగ్స్‌గేట్ ఆడవాళ్ళ రెడీ జవాబు "నేను వేశ్యనైతే అయ్యుండొచ్చు, బిచ్‌ని మాత్రం కాను" అని. ఇవాళ స్నేహితురాళ్ళు ముద్దుగా అనుకుంటున్నారు అదే మాట.

సబ్‌టైటిల్_సుబ్బులు
ఇప్పుడు నన్ను నిజంగా పీడిస్తున్నది స్లట్. హౌస్‌కీపర్ ఓ పన్నెండేళ్ళ పనిపిల్లని అంటుంది, పొయ్యి గ్రేటు కింద బూడిద ఎత్తలేదని. నేను పెట్టిన "సిగ్గులేనిదానా" అక్కడ అసహ్యంగా ఉంది, చిన్నపిల్ల.

రిటైర్డ్_ఇంగ్లీష్_మాస్టారు
అక్కడ నడవడి గురించి కాదమ్మా, శుభ్రం గురించి. స్లట్ అంటే ఇల్లు చిమ్మని, జుట్టు దువ్వని మనిషి. మంచం కింద పేరుకునే దుమ్ము ఉండలని స్లట్స్ వూల్ అనేవాళ్ళు. శామ్యూల్ పీప్స్ 1664 డైరీలో "మా చిన్న సూజన్ మెచ్చుకోదగ్గ స్లట్, మాకెంతో నచ్చింది" అని రాశాడు, వంటింట్లో పనిచేసే చిన్నపిల్ల, మసి పూసుకుని తిరిగేది కాబోలు. చాసర్ ఆ మాట నుంచి వచ్చిన విశేషణాన్ని మగాడికే వాడాడు, చింకిబట్టల కేనన్ (ఒక రకం పాదిరీ) గురించి. మీరు "మురికిదానా", "శుచీ శుభ్రం లేని పీనుగా" అని వేసుకోవచ్చు.

నర్సాపురం_నక్షత్రం
మా అమ్మమ్మ "పాచిముఖందానా" అనేది. తొమ్మిదింటికి నిద్రలేస్తే

సబ్‌టైటిల్_సుబ్బులు
నక్షత్రం నువ్వు నక్షత్రానివి. పాచిముఖం ఖాయం!

లెస్టర్_లలితక్క
ఆ పాత అర్థం అడ్డం పెట్టుకుని తప్పించుకోవాలని చూసినవాళ్ళూ ఉన్నారు. 2013లో ఇక్కడ ఒక యూరోపియన్ పార్లమెంటు సభ్యుడు మీటింగులో ఆడవాళ్ళు మేం ఫ్రిజ్ వెనక తుడవం అని చెప్తే "ఇక్కడంతా స్లట్సే" అన్నాడు. గొడవయ్యాక నేను శుభ్రం అర్థంలో అన్నాను, జోకు అన్నాడు. పార్టీ చర్య తీసుకుంది. ఆయన ఫ్రిజ్ వెనక ఎవరు తుడుస్తారో మాత్రం చెప్పలేదు.

నర్సాపురం_నక్షత్రం
జెజెబెల్ వస్తుందా? మన బైబిల్లో యెజెబెలు రాణి. నాకు దీంతో పాత పగ ఉంది. ఇంటర్‌లో మొదటిసారి లిప్‌స్టిక్ వేసుకుని ఆరాధనకి వెళ్తే, పెద్దాయన ఒకరు అందరి ముందూ "యెజెబెలు వేషాలేంటమ్మా" అన్నారు. ఇంటికొచ్చి రెండో రాజులు తొమ్మిదో అధ్యాయం చదివా. ఆవిడ రంగు పూసుకుని తల అలంకరించుకుని కిటికీ దగ్గర నిలబడ్డ మాట నిజమే, కానీ ఎప్పుడు? కొడుకుని చంపినవాడు రథమెక్కి తనని చంపడానికి వస్తుంటే. పారిపోలేదు, పై నుంచే వాణ్ణి హంతకుడా అని దెప్పింది. పొడుచుకునే మాట ఒకటి అని మరీ చచ్చింది. చేసిన దుర్మార్గాలు చాలా ఉన్నాయి, నాబోతు అనేవాణ్ణి అతని ద్రాక్షతోట కోసం ఎలా చంపించిందో తెలుసు, కానీ తిట్టులో మిగిలింది లిప్‌స్టిక్ ఒక్కటే.

అట్లాంటా_అప్పడం
ఇక్కడ అమెరికాలో ఆ మాట ఇంకా బరువు. బానిసత్వం రోజుల్లో నల్లజాతి ఆడవాళ్ళందరికీ జెజెబెల్ ముద్ర వేసి, యజమానులు చేసిన అత్యాచారాలకి వాళ్ళనే కారణంగా చూపించారు. మా ఆఫీసులో ఎవరో తెలియక జోకుగా అంటే పక్క సీటావిడ లేచి వెళ్ళిపోయింది.

ఓరుగల్లు_పోరడు
మనకి తాటకి, శూర్పణఖ లెక్కనే గదా. అన్నట్టు సూర్యకాంతం కూడా. ఎంత మంచి పేరది, బిడ్డకి పెట్టే ధైర్యం ఎవ్వరికి లేకపాయె

బెజవాడ_ఎండ
మన తెలుగులో పడిపోయిన మాటలు చెప్పండి మాస్టారూ, ఎంతసేపూ ఇంగ్లీషోళ్ళనే కడుగుతున్నాం

రిటైర్డ్_ఇంగ్లీష్_మాస్టారు
సాని. స్వామిని నుంచి వచ్చింది, అంటే యజమానురాలు. అప్పడం గారు చెప్పిన మేడం కథే, అచ్చుగుద్దినట్టు. దొరసానిలో గౌరవం మిగిలింది, సాని ఒక్కటే అయితే పోయింది. ముండ అంటే గుండు చేయించిన తల, వితంతువు తల. ఇంక కాజా బాబూ, నువ్వు మొదటి పోస్టులో కాలేజీ గేటు కుర్రాళ్ళని ఏమన్నావో చూసుకో.

కాకినాడ_కాజా
వెధవలు అన్నా. ఏం?

రిటైర్డ్_ఇంగ్లీష్_మాస్టారు
విధవ. అదే వెధవ.

కాకినాడ_కాజా
...

కాకినాడ_కాజా
నలభై ఏళ్ళుగా అంటున్నా ఆ మాట, మా నాన్న నన్ను రోజుకి పదిసార్లు. మా మేనత్తకి ఇరవై ఎనిమిదికే మావయ్య పోయాడు, ఆవిడ ముందు కూడా అనేవాళ్ళం అందరం. ఆవిడా అనేది.

లెస్టర్_లలితక్క
హార్లట్ మగాడి నుంచి ఆడదాని దగ్గరకొచ్చింది, మనది ఆడదాని దగ్గర్నుంచి మగాడి దగ్గరకెళ్ళింది

మౌనంగా_చదివేవాణ్ణి
హ్యాండిల్ కింద ఇన్నాళ్ళూ "పనీపాటా లేని వెధవ" అని పెట్టుకున్నా. మారుస్తున్నా

చట్టం_చలమయ్య
బ్లూస్టాకింగ్ ఉంటే ఒక మాట. 1750ల్లో ఎలిజబెత్ మాంటెగ్యూ అనే ఆవిడ ఇంట్లో పేకాట మానేసి సాహిత్యం మాట్లాడుకునే సభలు పెట్టింది. నీలి మేజోళ్ళు వేసుకొచ్చింది బెంజమిన్ స్టిల్లింగ్‌ఫ్లీట్, మగాడు, పట్టు మేజోళ్ళు లేక ఇంట్లో తొడుక్కునే ఊలువి వేసుకొచ్చాడు. పేరు మాత్రం ఆడవాళ్ళకి మిగిలింది, చదువుకున్న ఆడదానికల్లా అదే ఎత్తిపొడుపు. జపాన్‌లో 1911లో ఆడవాళ్ళు పత్రిక పెట్టి కావాలనే ఆ పేరు పెట్టుకున్నారు, సెయితో అని.

సబ్‌టైటిల్_సుబ్బులు
ఉంది, చిన్నకూతుర్ని అంటాడు. "పెద్ద సరస్వతీదేవివి బయల్దేరావు" అని రాశా, అది మాత్రం వాళ్ళు ఏమీ అనలేదు.

సబ్‌టైటిల్_సుబ్బులు
(గురువారం రాత్రి) ఫైలు పంపేశా. ఏం పెట్టానో చెప్తా, మీ అందరి చేతులూ ఉన్నాయి ఇందులో. బ్యాగేజ్: "పొగరుబోతు పిల్లా". హస్సీ: "బరితెగించినదానా". పెద్దకోడలు ష్రూ: "చుంచు మొహమా", పోరడి పుణ్యం. హారిడన్: "ముసలి కంచరగాడిదా", గుర్రం కాస్తా గాడిదైంది, తెలుగులో గుర్రమంటే తిట్టు కాదుగా. స్కోల్డ్: "నోటికి తాళం లేనిదానా", లలితక్క చెప్పిన కళ్ళెం తలుచుకుని. పనిపిల్ల: "పాచిముఖమా". ఏప్ లీడర్: "నరకంలో కోతుల్ని కాస్తావే నువ్వు". విరాగోకి "మగరాయుడా". టర్మగంట్‌కి తాటకి అని పెట్టా.

సబ్‌టైటిల్_సుబ్బులు
జవాబొచ్చింది. నలభై ఒక్క కామెంట్లు పోయి రెండు మిగిలాయి. ఒకటి, ఇంగ్లీషు జమీందారు తాటకి అంటాడా అని.

రిటైర్డ్_ఇంగ్లీష్_మాస్టారు
లేని దేవుణ్ణి పట్టుకుని టర్మగంట్ అన్నవాడు తాటకి అంటే తప్పేంటట

చట్టం_చలమయ్య
తర్కం బాగుంది గానీ క్లయింటు వినడు. తీసేయండి

ఓరుగల్లు_పోరడు
గంపగయ్యాళి పెట్టున్రి అక్క. కాజా అన్న మేనత్త యాదిల

సబ్‌టైటిల్_సుబ్బులు
పెట్టేశా.

కాకినాడ_కాజా
ఏ ఎపిసోడు? ఆవిడకి ఫోన్‌లో చూపించాలి. రెండో కామెంటేంటి?

సబ్‌టైటిల్_సుబ్బులు
ఐదో ఎపిసోడు, ఇరవై రెండో నిమిషం. రెండో కామెంటు, "ముసలాయన కొడుకుని వెధవా అంటాడు, ఓకే, నో చేంజ్" అని.